చిన్న గేరు మీద పెద్ద అడవి

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం సైకిల్ మిత్రులు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

వెనకాల ఉన్నవాళ్లకు వినపడుతోందా? సరే. మైకు నాకంటే ఎక్కువ ఆయాసపడుతోంది. ఉండనీండి.

ఫ్రాన్స్‌లో సైకిల్ తొక్కి వచ్చానంటే మీలో చాలామంది ఆల్ప్స్ ఫోటోలు చూపిస్తానని వచ్చి ఉంటారు. నేను ఆల్ప్స్ చూశాను, కానీ దూరం నుంచి. నేను తొక్కింది అంత పేరు లేని చోట. మీరు టీవీలో చూసే మంచుకొండలు, గొర్రెల మందలు అక్కడ ఉండవు. రోడ్డుకి రెండు వైపులా చెట్లే. గంటసేపు తొక్కినా చెట్లే. ఆ కొండల పేరు పిలా. ఫ్రాన్స్ మధ్యలో ఉన్న మాసిఫ్ సెంట్రల్ అనే పెద్ద ఎత్తైన ప్రాంతానికి తూర్పు అంచు. కింద సెంతెత్యెన్ అనే ఊరుంది, మన మ్యాపుల్లో సెయింట్ ఎటియన్ అని రాస్తారు. ఒకప్పుడు బొగ్గు గనులు, తుపాకులు, రిబ్బన్లు, సైకిళ్లు. ఫ్రాన్స్‌లో తయారైన మొదటి సైకిల్ 1886లో ఆ ఊళ్లోనే తయారైందని చెప్పుకుంటారు.

మా మేనల్లుడు లియోన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెప్టెంబరు ఆఖర్లో వాడి దగ్గరికి వెళ్లాను. "మావయ్యా, ఇక్కడ నది పక్కన చక్కటి సైకిల్ దారి ఉంది, చదునుగా ఉంటుంది" అన్నాడు. నాకు కోపం వచ్చింది. చదునుగా తొక్కడానికి మనకి బీచ్ రోడ్డు లేదా? (నవ్వులు) లియోన్ నుంచి సెంతెత్యెన్‌కి లోకల్ రైలు ఉంది, ముప్పావు గంట దారి. సైకిల్ ఎక్కించుకోవచ్చు. పొద్దున్నే బండి ఎక్కాను.

సైకిల్ అద్దెది. ఇక్కడే మొదటి తప్పు. షాపాయన నన్ను ఎగాదిగా చూసి, వెనక పెద్ద పళ్ల చక్రం ఉన్న, అంటే కొండ ఎక్కడానికి తేలికైన సైకిల్ చూపించాడు. పక్కన ఇంకొకటి నిలబెట్టి ఉంది. తేలిక, నల్లగా నిగనిగలాడుతోంది. దానికి ముందు చిన్న చక్రానికి 34 పళ్లు, వెనక అన్నింటికంటే పెద్దదానికి 28 పళ్లు. అంటే పెడల్ ఒక చుట్టు తిప్పితే వెనక చక్రం ఒకటింపావు కంటే కాస్త తక్కువ తిరుగుతుంది, సైకిల్ రెండున్నర మీటర్లు ముందుకు పోతుంది. చదును మీద ఇది చాలా చిన్న గేరు, అంటే తేలిగ్గా తిరుగుతుంది. కొండ మీద కాదు. నాకు తెలుసు. తెలిసీ నల్లదే తీసుకున్నాను. అనంతగిరి ఘాట్ ఎక్కినవాణ్ణి, ఫ్రెంచి అడవి ఏం చేస్తుంది అనుకున్నాను.

దారి చెబుతాను. సెంతెత్యెన్ నుంచి రొష్‌తాయే అనే పల్లె మీదుగా పైకి. ఆ పల్లె పక్క లోయలో ఒక పాత ఆనకట్ట ఉంది, 1866లో పూర్తయింది. ఆ లోయ పేరు గూఫ్ర్ దాన్‌ఫేర్, అంటే నరకపు అగాధం. పొద్దున్నే బయల్దేరేవాడికి మంచి శకునం! అక్కడినుంచి బెసా ఊరు దాటి, క్రువా ద షోబూరే అనే కనుమ, 1,201 మీటర్లు. అక్కడ కాస్త దిగి మళ్లీ ఎక్కితే ఎయ్యోన్ కనుమ, 1,232 మీటర్లు. అటువైపు రోన్ నది లోయలోకి పెలుసాన్ ఊరికి దిగాలి. కొండ పాదం చుట్టుకుని బూర్ అర్జాంతాల్. అక్కడినుంచి మళ్లీ పైకి, కోల్ ద లా రెపుబ్లిక్, 1,161 మీటర్లు. ఆ కనుమకి పాత పేరు గ్రాన్ బ్వా, అంటే పెద్ద అడవి. దాన్ని దాటితే మళ్లీ సెంతెత్యెన్. మొత్తం ఎక్కుడు 1,700 మీటర్ల పైచిలుకు.

అడవిలో ఎక్కడం వేరే రకం పని. బయట కొండ ఎక్కేటప్పుడు రోడ్డు ఎటు పోతోందో పైన కనిపిస్తూ ఉంటుంది. భయం వేసినా లెక్క తెలుస్తుంది. అడవిలో అలా కాదు. ఎదురుగా ఒక మలుపు, ఆ మలుపులో చీకటి, దాని తరవాత ఇంకో మలుపు. రోడ్డు ఎత్తుగా ఉందో లేదో కళ్లకి తెలియదు. చెట్లు నిటారుగా ఉంటాయి కాబట్టి రోడ్డు చదునుగా ఉన్నట్టే అనిపిస్తుంది. "నాకేంటి ఇంత నీరసం, టైరులో గాలి పోయిందా?" అని దిగి చూసుకున్నాను. రెండుసార్లు! గాలి ఉంది. కొండ కూడా ఉంది.

కింద బీచ్ చెట్లు, అంటే మన సముద్రపు బీచ్ కాదు, ఆకులు రాల్చే చెట్లు. పైకి పోయేకొద్దీ ఫర్ చెట్లు, నల్లగా, నిలువుగా. కొట్టేసిన దుంగలు రోడ్డు పక్కన పేర్చి ఉంటాయి. జిగురు వాసన. రంపపు పొట్టు వాసన. కార్లు అక్కడక్కడ ఆగి ఉన్నాయి, మనుషులు లేరు. ఏమైందా అని భయపడ్డాను. తరవాత చూస్తే బుట్టలు పట్టుకుని చెట్ల మధ్య వంగి వంగి తిరుగుతున్నారు. పుట్టగొడుగులు! ఒక పెద్దావిడ బుట్ట ఎత్తి చూపించింది. ఎక్కడ దొరికాయని సైగ చేసి అడిగితే, చేత్తో అడవి మొత్తాన్నీ చూపించింది. మన చేపల వేటగాళ్లు కూడా అంతే కదా, స్పాట్ చెప్పరు.

అడవిలో మరో సంగతి. శరదృతువు వేట కాలం. "వేట జరుగుతోంది" అని రోడ్డు పక్కన బోర్డు పెడతారు. అది కనిపిస్తే మెరిసే రంగు చొక్కా వేసుకోండి, చెట్లలోకి వెళ్లి మూత్రం పోయకండి. నేను నవ్వించడానికి చెప్పట్లేదు.

(సభలోంచి ఒకరు: కుక్కలు తరుముతాయా సార్?)

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. (నవ్వులు) అన్నీ కంచెల లోపలే ఉన్నాయి. ఒక్కటి మాత్రం పది మీటర్లు వచ్చింది, నా స్పీడు చూసి జాలిపడి ఆగిపోయింది. కార్లవాళ్ల సంగతి చెబుతాను, అది ముఖ్యం. ఊరి బయట సైకిల్‌ని దాటేటప్పుడు కనీసం ఒకటిన్నర మీటర్ల దూరం ఉంచాలి, ఊళ్లో ఒక మీటరు. అక్కడ అది చట్టం. అందరూ పాటిస్తారని నేను చెప్పను. కానీ మలుపులో నా వెనకాల ఒక దుంగల లారీ నిమిషంన్నర పాటు హారన్ కొట్టకుండా వచ్చింది. నాకే టెన్షన్ వచ్చి పక్కకి దిగాను. దాటుతూ డ్రైవరు చెయ్యెత్తాడు. హారన్ లేకపోతే మనకి నమ్మకం కలగదు, అదీ మన అలవాటు.

ఎయ్యోన్ దగ్గర టవర్ ఉంటుంది. అక్కడ చెట్లు తెరుచుకుంటాయి. కింద రోన్ లోయ, దాని అవతల చదును, దాని అవతల ఆకాశం అంచున తెల్లటి గీత. ఆ గీతే ఆల్ప్స్. ఆకాశం శుభ్రంగా ఉంటే మోన్ బ్లాన్ శిఖరం కనిపిస్తుందట. నాకు గీతే కనిపించింది, చాలు.

అక్కడినుంచి దిగుడు. దిగుడు గురించి రెండు ముక్కలు, ఎందుకంటే మనవాళ్లు ఎక్కడం గురించే మాట్లాడతారు, పడేది దిగేటప్పుడు. ఎండలోంచి చెట్ల నీడలోకి దూరగానే రెండు సెకన్లు కళ్లు కనపడవు. ఆ రెండు సెకన్లలోనే తడి ఆకులుంటాయి. ఇంకోటి, "గ్రావియోన్" అని బోర్డు వస్తుంది. కొత్తగా తారు పోసి సన్న కంకర చల్లారని అర్థం. ఫ్రెంచి భాషలో మీకు ఒక్క మాటే వచ్చి ఉండాలంటే బోంజూర్ కాదు, గ్రావియోన్ నేర్చుకోండి. ఎక్కేటప్పుడు చెమటతో తడిసిన చొక్కా దిగేటప్పుడు ఐసు గడ్డవుతుంది. పాతకాలం పందెగాళ్లు కనుమ మీద న్యూస్‌పేపరు తీసుకుని చొక్కా లోపల ఛాతీ మీద పెట్టుకునేవాళ్లు. నేనూ రైలు స్టేషన్‌లో ఉచితంగా ఇచ్చిన పేపరు పెట్టుకున్నాను. పని చేసింది. అక్షరాలు కొన్ని ఒంటికి అంటుకున్నాయి.

ఇప్పుడు అసలు కథకి వస్తాను. నేను పెలుసాన్‌లో తినలేదు. ఆకలి లేదు కదా, బూర్ అర్జాంతాల్‌లో తిందాం అనుకున్నాను. అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం ఒకటింపావు. బ్రెడ్డు షాపు షట్టర్ వేసి ఉంది. పల్లెల్లో మధ్యాహ్నం పూట అలా మూసేస్తారని నేను చదివాను కూడా. చదవడం వేరు, షట్టర్ ముందు నిలబడటం వేరు. నీళ్లు కూడా అయిపోయాయి. ఒక ముసలాయన సైకిల్ మీద వచ్చి నా బాటిల్ చూసి, "సిమెత్యేర్" అన్నాడు. శ్మశానం! నా వాలకం చూసి అన్నాడేమో అనుకున్నాను. (నవ్వులు) కాదు. అక్కడ ప్రతి ఊరి శ్మశానంలోనూ పూలకి నీళ్లు పోయడానికి కుళాయి ఉంటుంది. ఫ్రాన్స్‌లో సైకిల్ తొక్కేవాళ్లందరికీ ఈ రహస్యం తెలుసు. తాగొద్దని బోర్డు ఉందో లేదో చూసుకుని పట్టుకోవడమే. ఆయనే వచ్చి చూపించాడు. ఆయన సైకిల్ వెనక చక్రం చూశాను. పళ్ల చక్రం అన్నం తినే కంచమంత ఉంది. వయసు డెబ్బై దాటి ఉంటుంది. కాళ్లు చకచకా తిప్పుకుంటూ, సినిమా పాట కూనిరాగం తీసినట్టు, నన్ను వదిలేసి పైకి పోయాడు.

అక్కడినుంచి కనుమకి 12 కిలోమీటర్లు, ఎత్తు 630 మీటర్లు. సగటున ఐదు శాతం చిల్లర వాలు. వినడానికి ఏమీ లేదు. నా బరువు, సైకిల్ బరువు కలిపి 85 కేజీలు. దాన్ని అంత ఎత్తుకి మోయడానికి ఒంట్లో సుమారు 500 కేలరీలు కరగాలి. ఉంటే కదా కరగడానికి! గంటకి ఎనిమిది కిలోమీటర్లు. నా గేరు లెక్కన నిమిషానికి 52 చుట్లు. ప్రతి చుట్టూ ఒక బస్తా ఎత్తినట్టు. కంచమంత చక్రం ఉండి ఉంటే, అంటే 34 పళ్లుంటే, అదే వేగానికి 63 చుట్లు, ప్రతి చుట్టూ తేలిక. పని మొత్తం అంతే, కానీ దాన్ని చిన్న చిన్న ముద్దలుగా చేసుకుని తింటున్నట్టు. నేను గుటుక్కున మింగబోయి గొంతులో ఇరికించుకున్నాను. నాలుగో కిలోమీటరు రాయి దగ్గర దిగాను. ఏడో రాయి దగ్గర దిగి దుంగల మీద కూర్చున్నాను. జేబులో మా చెల్లెలు ఇచ్చిన నువ్వుండ ఒకటి, విశాఖ నుంచి లియోన్ మీదుగా వచ్చింది, పొట్లంలో నలిగిపోయి ఉంది. దాని విలువ ఆ రోజు తెలిసింది.

పైకి చేరాను. ఎలా చేరానో వదిలేయండి. కనుమ మీద రోడ్డు పక్కన ఒక రాతి స్మారకం ఉంది. వెలోసియో పేరు చెక్కి ఉంది. దాని మెట్టు మీదే కూలబడ్డాను. ఆయన ఎవరో అప్పటికే కొంత తెలుసు, మిగతాది ఆ రాత్రి కూర్చుని చదివాను. చదువుతుంటే సిగ్గేసింది.

వెలోసియో అసలు పేరు పోల్ ద వివీ. 1853లో దక్షిణాన పెర్న్ అనే ఊళ్లో పుట్టాడు. సెంతెత్యెన్‌లో పట్టు వ్యాపారం చేసేవాడు. దాన్ని వదిలేసి సైకిళ్ల వ్యాపారం పెట్టాడు, 1887లో పత్రిక పెట్టాడు. పేరు వెలోసియో అని పెట్టుకున్నాడు. ఆయన ఊరి వెనక ఈ కొండలు. ఒకే గేరు సైకిల్ మీద ఈ అడవి ఎక్కలేక, ఎక్కడానికి ఒక గేరు, చదునుకి ఒక గేరు ఉంటే ఏం పోయింది అని ఆలోచించాడు. మొదట్లో ఆగి, దిగి, చైన్‌ని చేత్తో ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి మార్చేవాడు. తరవాత ఆ ఊరి మెకానిక్కులు, ఆయన స్నేహితులు కలిసి రకరకాల యంత్రాలు చేశారు. ఇవాళ మీరు బొటనవేలితో టిక్కున నొక్కే దాని తాత ముత్తాతలు ఆ కొండ పాదంలోనే పుట్టారు.

ఈ గేర్లు మార్చడానికి పారిస్‌లో ఒక శత్రువు ఉన్నాడు. ఆన్రీ దెగ్రాంజ్, ఫ్రాన్స్ చుట్టూ తిరిగే సైకిల్ పందెం టూర్ ద ఫ్రాన్స్ మొదలుపెట్టిన పత్రికా సంపాదకుడు. 1902లో ఆయన రాసిందేమిటంటే, గేర్లు మార్చుకోవడం నలభై ఐదేళ్లు దాటినవాళ్లకి సరిపోతుంది, కండబలంతో గెలవడమే గొప్ప, మనం మెత్తబడిపోతున్నాం అని. నాకు యాభై రెండు. దెగ్రాంజ్ లెక్కన కూడా నాకు పెద్ద చక్రం వాడే హక్కుంది. నేనే వాడలేదు! (నవ్వులు)

దెగ్రాంజ్ ఊరికే అనలేదు, పట్టుబట్టాడు. టూర్‌లో అసలు పందెగాళ్లకి గేరు మార్చే యంత్రం 1937 దాకా రానివ్వలేదు. అప్పటిదాకా ఏం చేసేవాళ్లో తెలుసా? వెనక చక్రానికి రెండు పక్కలా పళ్ల చక్రాలు ఉండేవి. కొండ కింద దిగి, చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకోవాలి. కొండ మీద మళ్లీ దిగి, మళ్లీ తిప్పాలి. వానలో, చలికి కొంకర్లు పోయిన వేళ్లతో. 1937లో అనుమతించారు, ఆ ఏడు రోజే లపెబీ గెలిచాడు. అప్పటికి దెగ్రాంజ్ పందెం బాధ్యత వదిలేశాడు. అంటే నియమం మారడానికి మనిషి మారాల్సి వచ్చింది. ఇది సైకిళ్లకే కాదులెండి... వద్దు, అటు వెళ్తే తిరిగి రాను.

నేను కూలబడ్డ ఆ కనుమకి మరో కథ ఉంది. 1903లో మొట్టమొదటి టూర్, లియోన్ నుంచి మార్సెయ్‌కి వెళ్లే రెండో అంచె ఈ కొండ మీదుగానే పోయింది. టూర్ దాటిన మొదటి వెయ్యి మీటర్ల పైన కనుమ ఇదే. మరుసటేడు 1904లో మళ్లీ ఇక్కడికే వచ్చారు, రాత్రి పూట. సెంతెత్యెన్ కుర్రాడు ఫోర్ అనే ఆయన ముందు వెళ్లిపోయాడు. చెట్ల మధ్య దాక్కున్న ఆయన అభిమానులు, ఆయన్ని పోనిచ్చి, వెనక వచ్చినవాళ్ల మీద కర్రలతో పడ్డారు. మోరిస్ గారాన్ అనే పందెగాణ్ణి కొట్టారు. జెర్బి అనే ఇటలీ ఆయనకి వేళ్లు విరిగాయి. నిర్వాహకులు పిస్తోళ్లు పేల్చి చెదరగొట్టారు. మనం అభిమాన సంఘాల గురించి మాట్లాడుకుంటాం కదా, సైకిల్‌కి కూడా ఉన్నాయి! ఆ ఏడాది ఆఖరికి మోసాలు బయటపడి, గెలిచిన గారాన్‌తో సహా మొదటి నలుగురినీ తీసేసి, ఇరవై నిండని ఆన్రీ కోర్నేకి బహుమతి ఇచ్చారు.

నాకు మాత్రం ఆ అడవి అనగానే పందెగాళ్లకంటే వెలోసియోనే గుర్తొస్తాడు. ఆయన సైకిల్ వాళ్ల కోసం ఏడు సూత్రాలు రాశాడు. అన్నీ చెప్పను, నాకు తగిలినవి చెబుతాను. ఆకలి వేయకముందే తిను, దాహం వేయకముందే తాగు. నేను పెలుసాన్‌లో ఏం చేశాను? చలి వేయకముందే కప్పుకో, ఉక్క పోయకముందే తీసెయ్. మొదటి గంటల్లో బలమంతా పెట్టొద్దు. దారిలో ఉన్నంతసేపైనా మద్యం, మాంసం, పొగాకు మానెయ్. ఆయన శాకాహారి, ఫ్రాన్స్‌లో, ఆ రోజుల్లో! మా అమ్మ విని ఉంటే పూజగదిలో ఫోటో పెట్టేది. ఇంక ఆఖరిది: గొప్ప కోసం పెడల్ తొక్కొద్దు. నల్ల సైకిల్ అక్కడే, స్మారకానికి ఆనించి ఉంది. నిగనిగలాడుతూనే ఉంది.

ఆ ముసలాయన కూడా అక్కడే ఉన్నాడు, ఆపిల్ తింటూ. సగం కోసి ఇచ్చాడు. నా చక్రం వైపు చూపించి, వేళ్లతో ఇరవై ఎనిమిది లెక్కపెట్టి, తల అడ్డంగా ఊపాడు. నాకు ఫ్రెంచి రాదు, ఆయనకి ఇంగ్లీషు రాదు. ఇద్దరికీ పళ్ల లెక్క వచ్చు.

ప్రతి ఏడాదీ వెలోసియో రోజు అని ఒకటి జరుపుతారు, 1922 నుంచి, అంటే ఆయన బతికుండగానే మొదలైంది. సెంతెత్యెన్ నుంచి ఈ కనుమకి ఎక్కుతారు. పిల్లలు, ముసలివాళ్లు, పాత సైకిళ్లవాళ్లు, అందరూ. ఆయన మాత్రం 1930లో ఊళ్లోనే ట్రామ్ తగిలి పోయాడు. జీవితమంతా ఆ కొండలెక్కి దిగినవాడు చదును వీధిలో పోయాడు. నేను ఆ సాయంత్రం దిగి ఊళ్లోకి వచ్చి ట్రామ్ పట్టాలు చూడగానే సైకిల్ దిగి నడిపించుకుంటూ స్టేషన్‌కి పోయాను. పట్టాలని అడ్డంగా దాటాలి, ఏటవాలుగా దాటితే టైరు ఇరుక్కుంటుంది. ఇది ఎక్కడికెళ్లినా గుర్తుంచుకోండి.

మనలో కొందరు బ్రెవే రైడ్లు, అంటే గడువులోగా పూర్తి చెయ్యాల్సిన దూరపు రైడ్లు చేస్తున్నారు. రెండు వందలు, మూడు వందలు, నాలుగు వందలు, ఆరు వందల కిలోమీటర్లు పూర్తి చేసి పారిస్ నుంచి బ్రెస్ట్‌కి వెళ్లి రావాలని ఆశపడుతున్నారు. 1,200 కిలోమీటర్లు, 90 గంటలు. అక్కడ ఇంత ఎత్తు కొండలుండవు. కానీ ఎక్కి దిగి, ఎక్కి దిగి, అలా చివరిదాకా. అక్కడికి వెళ్లేవాళ్లకి నా మాట ఒకటే, అద్దె షాపాయన మొదట చూపించిన సైకిలే తీసుకోండి. లేదా మీ సైకిల్ మీరే పట్టుకెళ్లండి.

మొన్న నా సైకిల్‌కి వెనక కెసెట్, అంటే పళ్ల చక్రాల గుత్తి మార్చాను, 11 నుంచి 34 పళ్లు. చైన్‌ని ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి మార్చే వెనక డిరైలర్ చెయ్యి పొడుగుది వేయించాల్సి వచ్చింది, పాతది అంత పెద్ద చక్రానికి అందదు. చైన్ కూడా కొత్తది, పొడుగు సరిపోలేదు. ఖర్చు ఎంతైందో మా ఆవిడ ఇక్కడే ఉంది కాబట్టి చెప్పను. (నవ్వులు) పాత 28 కెసెట్ ఈ టేబుల్ మీద పెట్టాను, చదును మీద తొక్కే కుర్రాళ్లెవరికైనా కావాలంటే ఊరికే తీసుకోండి. పేపర్లో చుట్టి పట్టుకెళ్లండి, గ్రీజు ఉంది.